గోదావరి డెల్టాలో సైకియాట్రీ ప్రాక్టీసు పెడుతున్నారా? 2017 చట్టం ప్రకారం మొదటి రోజు నుంచి ఏం చేయాలో చూడండి

ఎండీ పూర్తి చేసి అమలాపురం, భీమవరం, తణుకు, పాలకొల్లు లాంటి ఊళ్లలో బోర్డు పెట్టబోతున్న సైకియాట్రిస్టుల కోసం ఇది రాస్తున్నాను. పేషంట్ల ఇంట్లోవాళ్లు చదివినా మంచిదే, డాక్టరు ఇన్ని సంతకాలు ఎందుకు అడుగుతున్నాడో, అడ్మిట్ చేయమంటే ఎందుకు వెనకాడుతున్నాడో అర్థమవుతుంది. మందుల మోతాదులు మీకు నేను చెప్పక్కర్లేదు. కానీ సొంతంగా కూర్చున్నాక రోజూ తగిలేది చట్టం, అందులోనూ మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017. 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. అంతకుముందు 1987 చట్టం ఉండేది, దానికి ముందు 1912 నాటి ఇంగ్లీషువాళ్ల లూనసీ యాక్ట్. ఆ పాత చట్టాలు ఎక్కువగా పేషంటును ఎక్కడ ఉంచాలి, ఎవరు ఉంచాలి అని ఆలోచించాయి. ఇప్పటిది పేషంటు ఏమంటున్నాడు అని అడుగుతుంది.

చట్టంలో 126 సెక్షన్లున్నా ప్రాక్టీసులో పదేపదే ఎదురయ్యే ప్రశ్న ఒకటే: ఈ మనిషి ఈ రోజు, ఈ వైద్యం గురించి, తనంతట తాను నిర్ణయించుకోగలడా? ఈ ప్రశ్న అడిగి, వచ్చిన జవాబును కారణంతో సహా కేస్ షీటులో రాసే అలవాటుంటే మీ ఇబ్బందుల్లో చాలా భాగం మొదలవకుండానే పోతాయి. ఆ అలవాటు లేకపోతే ఎంత మంచి డాక్టరైనా ఒక రోజు ఏదో ఒక కుటుంబ తగాదాలో ఇరుక్కుంటాడు.

ముందు తేల్చుకోవాల్సింది: పడకలు పెడతారా, ఓపీ మాత్రమేనా

కేవలం ఓపీ చూసి మందులు రాసి పంపేట్టయితే మీ క్లినిక్‌కి ఈ చట్టం కింద విడిగా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో మీ పేరు, పీజీ అర్హత ఎక్కి ఉండాలి, క్లినిక్‌కి 2002 నాటి ప్రైవేటు వైద్య సంస్థల చట్టం కింద జిల్లా వైద్యారోగ్య అధికారి ఆఫీసులో రిజిస్ట్రేషన్ ఉండాలి, అంతే. ఒక్క పడక వేసి మానసిక రోగిని చేర్చుకున్నారంటే మాత్రం మీది 'మెంటల్ హెల్త్ ఎస్టాబ్లిష్‌మెంట్' అవుతుంది. జనరల్ నర్సింగ్ హోంలో రెండు గదులు అద్దెకు తీసుకుని పేషంట్లను పెట్టినా అంతే. ఆయుర్వేదం, హోమియో, ప్రకృతి వైద్యం పేరుతో చేర్చుకుని ఉంచినా అంతే.

రిజిస్ట్రేషన్ రాష్ట్ర మెంటల్ హెల్త్ అథారిటీ దగ్గర చేయించుకోవాలి. మొదట ఇచ్చేది తాత్కాలిక సర్టిఫికెట్. విచారణ ఏమీ లేకుండా, దరఖాస్తు అందిన 10 రోజుల్లో ఇవ్వాలని సెక్షన్ 66 చెబుతోంది, అది 12 నెలలు చెల్లుతుంది. శాశ్వత రిజిస్ట్రేషన్‌కి మాత్రం కనీస ప్రమాణాలు అందుకున్నట్టు చూపించాలి, మీరిచ్చిన ఆధారాలను జనం చూసి అభ్యంతరాలు చెప్పడానికి 30 రోజులు అందుబాటులో ఉంచుతారు. ఆ తర్వాత మూడేళ్లకోసారి ఆడిట్. సర్టిఫికెట్‌ని ఫైల్లో దాచకుండా ఆస్పత్రి గోడ మీద అందరికీ కనబడేలా పెట్టండి.

రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే మొదటిసారి 5 వేల నుంచి 50 వేల రూపాయల దాకా, రెండోసారి 2 లక్షల దాకా, ఆ తర్వాత 5 లక్షల దాకా జరిమానా. యజమాని సంగతి అటుంచండి, అలాంటి చోట పనిచేసే డాక్టరుకి కూడా విడిగా 25 వేల దాకా పడుతుంది. ఎవరైనా 'మా సెంటర్‌కి వారానికి రెండు సార్లు వచ్చి చూసి వెళ్లండి సార్' అని పిలిస్తే ముందు సర్టిఫికెట్ కాపీ వాట్సాప్‌లో పెట్టమనండి. పెట్టలేకపోతే వెళ్లకండి.

మా వైపు దీని గురించి ఎక్కువ చెప్పాల్సింది తాగుడు మాన్పించే సెంటర్ల విషయం. మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులు కూడా చట్టం చెప్పిన మానసిక అనారోగ్యంలోకే వస్తాయి, కాబట్టి అక్కడ మనుషుల్ని చేర్చుకుని ఉంచితే ఈ నియమాలన్నీ వర్తిస్తాయి. 'మూడు నెలల ప్యాకేజీ' అని డబ్బు ముందే కట్టించుకుని, ఫోన్ లాగేసుకుని, తలుపుకి తాళమేసి, మధ్యలో ఇంటికి పోతానంటే కుదరదనడం ఈ చట్టం ప్రకారం నేరం. తాగి గొడవచేసే మనిషికి మామూలుగా మత్తు దిగిన కొన్ని రోజులకి తెలివి తిరిగి వచ్చేస్తుంది. ఆ రోజు నుంచి అతను తన నిర్ణయం తాను తీసుకోగలడు, వెళ్తానంటే పంపాలి. మళ్లీ తాగుతాడని తెలిసినా పంపాలి. ఇది చాలామంది భార్యలకి, తల్లులకి చెప్పడం కష్టమే. వాళ్ల బాధ నిజమైనది, అందుకే ఆ మొదటి వారంలోనే అతనితో కూర్చుని, మాన్పించే మందుల గురించి, మళ్లీ రావడం గురించి ఒప్పించుకోవాలి. తాళం చేసే పని ఆ మాటలతో చేయాలి.

జీపులో తీసుకొచ్చారు. ఇప్పుడేం చేయాలి?

రాజోలు వైపు నుంచో, కైకలూరు నుంచో రాత్రి పూట అన్నదమ్ములు నలుగురు పట్టుకుని ఒక మనిషిని దింపుతారు. 'డాక్టరుగారండీ, ఓ మత్తు సూది వేసి లోపల పడెయ్యండి, పొద్దున్న మాట్లాడుకుందాం' అంటారు. ఆ మనిషేమో 'నాకేం కాలేదండీ, వీళ్లు పొలం కోసం నన్ను పిచ్చోణ్ణి చేస్తున్నారండీ' అంటాడు. రెండూ వినండి. నిజం చెప్పాలంటే పొలం తగాదా ఉండీ జబ్బు కూడా ఉన్న కేసులు మన జిల్లాల్లో తక్కువేం కాదు.

మొదట అందరినీ బయటికి పంపి ఆ మనిషితో విడిగా మాట్లాడండి. నిర్ణయ సామర్థ్యం చూడ్డానికి సెక్షన్ 4 మూడు విషయాలు చెబుతోంది. మీరు చెప్పిన సంగతి అతనికి అర్థమైందా? వైద్యం చేయించుకుంటే ఏమవుతుందో, మానేస్తే ఏమవుతుందో గ్రహించగలడా? తన నిర్ణయాన్ని మాటతోనో, సైగతోనో, రాతతోనో చెప్పగలడా? చెప్పేది అతని భాషలో, సులువుగా చెప్పండి. 'మీకు సైకోసిస్ ఉంది, యాంటీసైకోటిక్ మొదలుపెడతాం' అంటే ఎవరికీ అర్థం కాదు. 'నిద్ర పట్టడం లేదు, ఎవరో మాట్లాడుతున్నట్టు వినబడుతోంది అన్నారు కదా, దానికి రాత్రిపూట ఒక బిళ్ల ఇస్తాను, మొదట్లో కొంచెం మగతగా ఉంటుంది' అనండి, తర్వాత అతన్నే తిరిగి చెప్పమనండి. అతను చెప్పినదాన్ని అతని మాటల్లోనే రాసుకోండి. అతని నిర్ణయం మీకు తప్పనిపించినంత మాత్రాన సామర్థ్యం లేదని రాయకూడదు, చట్టం ఈ మాట విడిగా చెప్పింది. ఇంతకుముందెప్పుడో వైజాగ్ మానసిక వైద్యశాలలో చేరాడన్న ఒక్క కారణంతో ఇప్పుడు జబ్బుందని తేల్చడం కూడా కుదరదు. కులం, రాజకీయం, ఇంట్లో చెప్పిన సంబంధం వద్దనడం, ఊరి కట్టుబాట్లకి తలవంచకపోవడం, ఇవేవీ రోగనిర్ధారణకి ఆధారాలు కావు.

ఇక్కణ్ణించి దారి మూడు రకాలుగా చీలుతుంది.

సామర్థ్యం ఉండి, చేరతానంటే అది ఇండిపెండెంట్ అడ్మిషన్, సెక్షన్ 86. అతని సంతకం చాలు, బంధువుల సంతకం అక్కర్లేదు. వెళ్తానంటే పంపేయాలి. పంపితే ప్రమాదమని మీకు నిజంగా అనిపిస్తే, అంటే చనిపోతానంటున్నాడనో, ఎవరినో కొట్టబోయాడనో, తనను తాను చూసుకోలేని స్థితిలో ఉన్నాడనో అనుకుంటే, పరీక్ష కోసం 24 గంటలు ఆపొచ్చు. ఆ గడువులోపే అడ్మిషన్ రకం మార్చాలి, లేదా పంపేయాలి.

సామర్థ్యం లేకుండా ప్రమాదం కూడా ఉంటే సపోర్టెడ్ అడ్మిషన్, సెక్షన్ 89. ఇదే మీ ప్రాక్టీసులో అతి ముఖ్యమైన కాగితం, తొందరపడకుండా చేయండి. దరఖాస్తు పేషంటు తరఫు నామినేటెడ్ ప్రతినిధి (వైద్య నిర్ణయాల్లో పేషంటుకి అండగా ఉండే మనిషి, ఎవరన్నది కింద చెబుతాను) ఇవ్వాలి. ఆ రోజుగానీ ముందు ఏడు రోజుల్లోగానీ ఇద్దరు విడివిడిగా పరీక్ష చేయాలి, ఒకరు సైకియాట్రిస్టు, రెండోవారు ఇంకో మానసిక ఆరోగ్య నిపుణుడైనా మామూలు డాక్టరైనా సరే. చిన్న ఊళ్లో ఇంకో సైకియాట్రిస్టు దొరకడం లేదని దిగులు పడొద్దు, పక్క వీధి ఎంబీబీఎస్ డాక్టరు చాలు. కానీ ఆయన నిజంగా వచ్చి, పేషంటును చూసి, తన అభిప్రాయం తన చేత్తో రాయాలి. మీరు రాసింది చూసి కింద సంతకం పెడితే అది విడి పరీక్ష అవదు, రివ్యూ బోర్డు (ఇలాంటి అడ్మిషన్లను పరిశీలించే, జడ్జి అధ్యక్షతన ఉండే మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డు) ముందు మొదట పట్టుకునేది అదే. ఇద్దరూ రాయాల్సింది కూడా 'పిచ్చిగా ప్రవర్తిస్తున్నాడు' అని కాదు: ఇటీవల తనకు హాని చేసుకోబోయాడా, ఇతరుల మీద హింసకు దిగాడా లేక వాళ్లను భయపెట్టాడా, తన తిండి నీళ్లు తాను చూసుకోలేక ప్రమాదంలో పడ్డాడా, ఈ మూడింట్లో ఏది, ఎప్పుడు, ఎవరు చూశారు అన్నది రాయాలి. ఇంట్లోనే ఉంచి వైద్యం చేయడం ఎందుకు కుదరదో కూడా ఒక వాక్యం ఉండాలి.

ఈ అడ్మిషన్ 30 రోజుల దాకానే. ప్రతి ఏడు రోజులకీ సామర్థ్యం మళ్లీ చూసి రాయాలి. ఆడవాళ్లయితే 3 రోజుల్లో, మగవాళ్లయితే 7 రోజుల్లో రివ్యూ బోర్డుకి తెలియజేయాలి. మెయిల్ పంపినా పోస్టులో వేసినా, పంపినట్టు రుజువు కేస్ షీటుకి గుచ్చి ఉంచండి. 30 రోజులు దాటి ఉంచాలంటే సెక్షన్ 90. అప్పుడు ఇద్దరూ సైకియాట్రిస్టులే పరీక్ష చేయాలి, బోర్డు అనుమతి కావాలి, ముందు 90 రోజులు, తర్వాత 120, ఆ తర్వాత 180 రోజుల చొప్పున పొడిగింపు. డిశ్చార్జి చేసిన ఏడు రోజుల్లోపు మళ్లీ చేర్చాల్సి వస్తే అది కూడా సెక్షన్ 90 కిందకే వెళ్తుంది. అందుకే 29వ రోజు డిశ్చార్జి రాసి 31వ రోజు మళ్లీ చేర్చుకునే ఉపాయం చెల్లదు.

మూడోది ఎమర్జెన్సీ, సెక్షన్ 94. రిజిస్టరైన డాక్టరు ఎవరైనా, పీహెచ్‌సీలోనైనా, పేషంటు ఇంట్లోనైనా ప్రాణాపాయమో, తీవ్ర హానో ఆపడానికి వైద్యం మొదలుపెట్టొచ్చు, దగ్గరి మానసిక వైద్య సంస్థకి చేర్చడం కూడా ఇందులో భాగమే. ప్రతినిధి దగ్గరలో ఉంటే ఆయన అంగీకారం తీసుకోవాలి. గడువు 72 గంటలు, లేదా అక్కడ పరీక్ష అయ్యేదాకా, ఏది ముందైతే అది. అంటే మారుమూల పీహెచ్‌సీ డాక్టరు 'ఇది నా సబ్జెక్టు కాదు' అని పంపేయాల్సిన పనిలేదు. మీ చుట్టుపక్కల పీహెచ్‌సీ డాక్టర్లతో ముందే ఫోన్ పరిచయం పెట్టుకోండి, రాత్రి పూట అదే ప్రాణం కాపాడుతుంది. ఇక డాక్టరు లేకుండా ఇద్దరు బలమైన అటెండర్లని అంబులెన్సులో పంపి మనిషిని కట్టేసి తెప్పించడం ఏ సెక్షన్ కిందా రాదు. ఎంత డబ్బు ఇస్తామన్నా ఒప్పుకోకండి.

పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలైతే సెక్షన్ 87 చూడండి. ఇద్దరు సైకియాట్రిస్టులు గానీ, ఒక సైకియాట్రిస్టు, ఇంకో నిపుణుడో డాక్టరో గానీ విడిగా చూడాలి, పెద్దవాళ్ల వార్డులో కలపకూడదు, ప్రతినిధిగా ఉన్న అమ్మో నాన్నో, లేదా వాళ్లు పెట్టిన మనిషో రాత్రింబగళ్లు పక్కనే ఉండాలి, 72 గంటల్లో బోర్డుకి చెప్పాలి. మన వైపు హాస్టల్ కాలేజీల నుంచి పరీక్షల ముందు వచ్చే పిల్లలు ఎక్కువ. ప్రిన్సిపాల్ సంతకంతో చేర్చుకోకండి, తల్లిదండ్రులు వచ్చేదాకా ఎమర్జెన్సీ వైద్యం వరకే ఆగండి.

సంతకం ఎవరిది?

నామినేటెడ్ ప్రతినిధిని పేషంటే ఎంచుకోవచ్చు. తెల్ల కాగితం మీద రాసి సంతకమో వేలిముద్రో పెడితే చాలు, ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఎవరినీ ఎంచుకోకపోతే బంధువు, తర్వాత సంరక్షకుడు, తర్వాత బోర్డు నియమించిన మనిషి, ఈ వరసలో వెళ్లాలి. ఇక్కడ డాక్టర్లు తరచూ మరిచిపోయే సంగతి ఉంది: పెళ్లయిన ఆడమనిషికి భర్తే ప్రతినిధి అని చట్టంలో ఎక్కడా లేదు. ఆమె తాడేపల్లిగూడెంలో ఉన్న అక్కని రాసిస్తే అక్కే ప్రతినిధి, భర్త వచ్చి గదిలో కేకలేసినా అంతే. అందుకే పేషంటు బాగున్న రోజుల్లో, ఓపీకి వచ్చినప్పుడే ఈ కాగితం రాయించి ఉంచండి. జబ్బు ముదిరాక రాయించడం కష్టం.

ముందస్తు పత్రం కూడా అప్పుడే రాయించొచ్చు. తనకు జబ్బు తిరగబెడితే ఏ వైద్యం కావాలో, ఏది వద్దో మనిషి ముందే రాసి పెట్టుకోవడం అది. ఎమర్జెన్సీ వైద్యానికి అది అడ్డురాదు. మీకు కాపీ ఇచ్చి ఉంటే పాటించాలి, పాటించలేననుకుంటే బోర్డుకి దరఖాస్తు పెట్టాలి. చెల్లే పత్రాన్ని పాటించినందువల్ల ఊహించని నష్టం జరిగితే మీ మీద బాధ్యత రాదని సెక్షన్ 13 రక్షణ ఇస్తోంది. మన దగ్గర ఇది రాసేవాళ్లు చాలా తక్కువ. బైపోలార్ ఉన్నవాళ్లతో మాత్రం తప్పకుండా మాట్లాడండి. వాళ్లకి బాగున్న కాలం పొడుగ్గా ఉంటుంది, తమ జబ్బు ఎలా మొదలవుతుందో డాక్టరుకన్నా వాళ్లకే బాగా తెలుసు.

ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడనివి

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, గొలుసులతో కట్టేసి ఉంచిన 28 మంది మానసిక రోగులు మంటల్లో కదల్లేక చనిపోయారు. సెక్షన్ 95లో 'ఏ రూపంలోనూ గొలుసు వేయకూడదు' అన్న మాట చదివినప్పుడల్లా నాకు వాళ్లే గుర్తొస్తారు. మీ ఆస్పత్రిలో గొలుసు ఉండదనుకోండి, కానీ 'ఇంట్లో కట్టేసి ఉంచాం డాక్టరుగారండీ' అని చెప్పే తల్లి మీ ఓపీకి వస్తుంది. ఆమెను తిడితే మళ్లీ రాదు, ఆ మనిషి అలాగే ఉండిపోతాడు. వెంటనే పీహెచ్‌సీ డాక్టరుతో ఇంటికి వెళ్లడమో, 108లో తెప్పించడమో చేసి వైద్యం మొదలుపెట్టించండి. నెలకోసారి వేసే ఇంజెక్షన్లు ఇలాంటి ఇళ్లలో చాలా గొలుసులు విప్పించాయి. ఇంట్లోవాళ్లు కావాలనే హింసిస్తున్నారని తెలిస్తే పోలీసులకి చెప్పాలి, వాళ్లు మేజిస్ట్రేటుకి రిపోర్టు చేయాలి.

ఈసీటీ, జనం కరెంటు షాక్ అనేది, మత్తు, కండరాలు సడలించే మందు లేకుండా ఇవ్వడం పూర్తిగా నిషేధం. ఎమర్జెన్సీ వైద్యంగా అసలు ఇవ్వకూడదు. పిల్లలకైతే సంరక్షకుల అంగీకారంతో పాటు బోర్డు ముందస్తు అనుమతి ఉండాలి. ఎనస్థీషియా డాక్టరు రాని ఊళ్లో ఈసీటీ మొదలుపెట్టకండి, కాకినాడకో రాజమండ్రికో పంపండి. ఒంటరిగా గదిలో బంధించడం కూడా నిషేధమే. చేతులు పట్టుకోవడం, కట్టడం లాంటివి తక్షణ ప్రమాదం ఆపడానికి మాత్రమే, ఆ ప్రమాదం ఉన్నంతసేపే, సైకియాట్రిస్టు అనుమతితోనే. ఎందుకు, ఎంతసేపు అన్నది రాయాలి, ప్రతినిధికి 24 గంటల్లో చెప్పాలి, నెలకోసారి బోర్డుకి రిపోర్టు పంపాలి. స్టాఫ్ తక్కువగా ఉన్నారని కట్టేయకూడదు. ఇంకోటి, పేలు పట్టాయని ఆడవాళ్ల జుట్టు బలవంతంగా తీయించడం. సెక్షన్ 20 దీన్ని పేరు పెట్టి మరీ వద్దంది. నర్సులకి, ఆయాలకి ఈ మాట మొదటి రోజే చెప్పండి, ఎందుకంటే వాళ్లు దాన్ని శుభ్రత అనుకునే చేస్తారు.

పురుగుల మందు కేసులు

డెల్టాలో చేపల చెరువుల అప్పులు, కౌలు అప్పులు, కువైట్ నుంచి ఉత్త చేతులతో తిరిగి రావడం, ఇలా ఎన్నో కారణాలతో పురుగుల మందు తాగినవాళ్లు వస్తారు. జనరల్ ఆస్పత్రి పోలీసులకి సమాచారం పంపుతుంది, అది మామూలే. కానీ ఇంట్లోవాళ్లు 'కేసవుతుందేమో' అన్న భయంతో 'పొరపాటున తాగాడు' అని చెబుతారు, దాంతో మానసిక వైద్యం అందకుండానే మనిషి ఇంటికి వెళ్లిపోతాడు. వాళ్లకి స్పష్టంగా చెప్పండి: సెక్షన్ 115 ప్రకారం ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, వేరే విధంగా రుజువైతే తప్ప విచారణ, శిక్ష ఉండవు, పైగా అతనికి వైద్యం, పునరావాసం అందించే బాధ్యత ప్రభుత్వానిది. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరమన్న పాత ఐపీసీ 309 సెక్షన్ లేనే లేదు. ప్రభుత్వోద్యోగిని తన విధి చేయకుండా ఒత్తిడి పెట్టడానికి చేసే ప్రయత్నం మాత్రమే నేరంగా మిగిలింది. ఈ నాలుగు ముక్కలు వార్డు బయట బెంచీ మీద కూర్చున్న వాళ్లకి చెబితే సగం టెన్షన్ తగ్గుతుంది, నిజం చెప్పడం మొదలుపెడతారు.

పోలీసులు తెచ్చిన మనిషి

రాజమండ్రి రైల్వే స్టేషన్లో, పుష్కర ఘాట్ మెట్ల మీద, అంతర్వేది తీర్థంలో పేరు చెప్పలేక తిరిగేవాళ్లు కనబడతారు, వీళ్లలో ఒడియానో బెంగాలీనో మాట్లాడేవాళ్లూ ఉంటారు. సెక్షన్ 100 ప్రకారం పోలీసులు వాళ్లను రక్షణలోకి తీసుకుని, 24 గంటల్లో దగ్గర్లోని ప్రభుత్వ ఆస్పత్రికి పరీక్షకి చేర్చాలి, లాకప్పులో పెట్టకూడదు, ఇల్లు తెలియకపోతే తప్పిపోయిన మనిషిగా ఎఫ్‌ఐఆర్ కట్టాలి. మేజిస్ట్రేటు ఆర్డరుతో వస్తే పరీక్ష కోసం 10 రోజుల దాకా ఉంచొచ్చు. మీ ప్రైవేటు ఆస్పత్రికి తెస్తే తిప్పి పంపేముందు మనిషి ఒంట్లో జ్వరముందా, దెబ్బలున్నాయా చూడండి, ఆ భాష వచ్చిన మనిషిని పిలిపించండి. ఊరి పేరు ఒక్కటి దొరికినా ఇల్లు దొరుకుతుంది.

గుట్టు

పెళ్లి సంబంధాల వాళ్లు ఆరా తీస్తారు. నేరుగా మిమ్మల్ని అడగరు, మీ కాంపౌండరుని అడుగుతారు, మందుల షాపులో కుర్రాడిని అడుగుతారు. సెక్షన్ 23 గోప్యత మీ స్టాఫుకి కూడా వర్తిస్తుందని వాళ్ల చేత రాయించుకోండి. పేరు గట్టిగా పిలిచే పద్ధతి మాని టోకెన్ నంబరు పెట్టండి. ఒకరి ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు, కోర్టో బోర్డో అడిగినప్పుడు అవసరమైనంత వరకే చెప్పొచ్చు.

విడాకుల కేసులో 'మా ఆవిడకి పిచ్చని సర్టిఫికెట్ రాసివ్వండి' అని వచ్చేవాళ్లకి రాయకండి. వైద్యం కోసం, ఈ చట్టం చెప్పిన పనుల కోసం తప్ప ఎవరినీ మానసిక రోగి అని ముద్ర వేయకూడదు, రోగముందని తేలినా దానర్థం మతి లేదని కాదు, అది కోర్టు తేల్చాలి. కోర్టులో ఎదుటి పక్షం సవాలు చేస్తే విషయం బోర్డు పరిశీలనకి వెళ్తుంది. వైకల్య సర్టిఫికెట్ సంగతి వేరు: 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద కనీసం 40 శాతం ఉంటేనే లబ్ధి, దాన్ని ప్రభుత్వ మెడికల్ బోర్డు సదరం ద్వారా ఇస్తుంది, మీరు మంచి కేస్ సమ్మరీ రాసివ్వండి చాలు.

ఇన్సూరెన్స్ కోసం గ్యాస్ట్రైటిస్ అని రాయమంటే కూడా రాయొద్దు. ఒంటి జబ్బులతో సమానంగా మానసిక జబ్బుకీ బీమా ఇవ్వాలని సెక్షన్ 21 చెప్పింది, బీమా నియంత్రణ సంస్థ 2018 ఆగస్టులోనే కంపెనీలకి సర్క్యులర్ పంపింది. అసలు పేరే రాసి, తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగమనండి.

మందులు, ఫోను

అల్ప్రాజొలామ్, డయజెపామ్, జోల్పిడెమ్ లాంటివి షెడ్యూల్ హెచ్‌1లో (డాక్టరు చీటీ ఉంటేనే, గట్టి లెక్కలతో అమ్మాల్సిన మందుల జాబితా) ఉన్నాయి. మందుల షాపు వీటికి విడి రిజిస్టరు పెట్టి మూడేళ్లు దాచాలి. అయినా పల్లెల్లో ఆర్ఎంపీలు ఇచ్చిన అల్ప్రాజొలామ్‌కి అలవాటు పడినవాళ్లు మీ దగ్గరికి వస్తారు, కాబట్టి మీ చీటీ మీద ఎన్ని బిళ్లలో అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయండి, 'రిపీట్' అని వదిలేయకండి. 2020 టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం మాదకద్రవ్యాల చట్టం కిందకి వచ్చే మందులు మామూలుగా ఫోన్ కన్సల్టేషన్లో రాయకూడదు. కోనసీమలో ప్రత్యేకంగా గుర్తుంచుకోవాల్సింది, ఆ మార్గదర్శకాలు దేశం బయట ఉన్న పేషంట్లకి వర్తించవు. కువైట్ నుంచి ఫోన్ చేసిన చెల్లెమ్మకి ధైర్యం చెప్పండి, అక్కడి డాక్టరు దగ్గరికి వెళ్లమనండి, మందు మాత్రం రాసి పంపకండి. ఇక్కడున్నవాళ్లకి రాత్రి మీరు ఎత్తలేకపోతే ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ లైను టెలిమానస్ 14416 నంబరు ఇవ్వండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

పంపేటప్పుడు

డిశ్చార్జి ప్లాను సెక్షన్ 98 ప్రకారం మీ పని. పేషంటుతో, ప్రతినిధితో, ఆ తర్వాత చూడబోయే డాక్టరుతో మాట్లాడి రాయాలి. లంక గ్రామాలవాళ్లకి జులై, ఆగస్టుల్లో వరదొస్తే పడవలు కూడా ఆగుతాయి, అందుకని ఆ నెలల్లో రెండు వారాల మందు ఎక్కువ ఇచ్చి పంపండి. క్లోజపైన్ వాడేవాళ్లకి వరదకి ముందే రక్త పరీక్ష చేయించండి. లిథియం మీద ఉండి ఎండలో చెరువు పని చేసేవాళ్లకి నీళ్లు, ఉప్పు సంగతి చెప్పండి. కొనలేని వాళ్లని వదిలేయకుండా కాకినాడ జీజీహెచ్‌కి గానీ, రాజమండ్రి, ఏలూరు ప్రభుత్వ వైద్య కళాశాలల ఆస్పత్రులకి గానీ, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఓపీకి గానీ చీటీ రాసి కలపండి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకి ప్రభుత్వ వైద్యం ఉచితమన్నది దయ కాదు, సెక్షన్ 18 ఇచ్చిన హక్కు.

బోర్డు పిలిచినప్పుడు

రివ్యూ బోర్డుకి జిల్లా జడ్జి గానీ, రిటైరైన జడ్జి గానీ అధ్యక్షత వహిస్తారు. కలెక్టరు ప్రతినిధి, ఒక సైకియాట్రిస్టు, ఒక డాక్టరు, ఇంకా జబ్బుని అనుభవించినవాళ్లు, సంరక్షకులు, స్వచ్ఛంద సంస్థల వాళ్లలోంచి ఇద్దరు ఉంటారు. ఒక్కో జిల్లాకి గానీ కొన్ని జిల్లాలకి కలిపి గానీ బోర్డు ఉండొచ్చు. 2022లో జిల్లాలు విడిపోయాక మీ మండలం ఏ బోర్డు కిందకి వస్తుందో ప్రాక్టీసు మొదలుపెట్టకముందే రాష్ట్ర అథారిటీని రాతపూర్వకంగా అడిగి, జవాబు ఫైల్లో పెట్టుకోండి.

పేషంటు బోర్డుకి దరఖాస్తు చేయడానికి ఫీజు లేదు, తప్పనిసరి పరిస్థితుల్లో ఫోన్ మీద చెప్పినా తీసుకోవచ్చు. బోర్డుకి ఎలా వెళ్లాలో రాసిన కాగితం వార్డులో అందరికీ కనబడేట్టు తెలుగులో అంటించండి, ఉచిత న్యాయ సహాయం 15100 నంబరు కూడా రాయండి. పేషంటు మీ మీదే ఫిర్యాదు రాస్తానంటే కాగితం, కలం మీరే ఇవ్వండి. 30 రోజుల సపోర్టెడ్ అడ్మిషన్ని సవాలు చేస్తే 7 రోజుల్లో, సెక్షన్ 90దైతే 21 రోజుల్లో, మిగతా చాలావాటిని 90 రోజుల్లో బోర్డు తేల్చాలి. విచారణ బయటివాళ్లకి తెరవరు. వెళ్లేటప్పుడు మూల కేస్ షీటు, సామర్థ్యం చూసిన నోట్సు తేదీల వారీగా, బోర్డుకి పంపిన సమాచారాల రుజువులు, కట్టడి రిజిస్టరు, ఇవి పట్టుకెళ్లండి. అడిగిన తర్వాత పాత తేదీతో ఏదీ రాయకండి, రాయని చోట 'ఆ రోజు రాయలేదు' అని చెప్పడమే మంచిది. బోర్డు తీర్పు మీకు గానీ, పేషంటుకి గానీ నచ్చకపోతే 30 రోజుల్లోపు హైకోర్టుకి వెళ్లొచ్చు. ఆ గడువు తేదీ తీర్పు కాపీ మీదే రాసి ఒకటి పేషంటు చేతికి, ఒకటి ప్రతినిధి చేతికి ఇవ్వండి.